మైనస్ పదహారు

ఎల్లారెడ్డి,
నవంబర్ 18

వదినకు,

భూదేవి దండాలు. మొన్న నువ్వు ఫోన్‌లో లెక్క చెప్తుంటే నేను ఊ కొట్టాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా దగ్గర మిగిలింది ఆ ఊ ఒక్కటే. "ఇగ ఫోన్‌ల లెక్కలు బంద్. ఏం తెల్వలేదో కాయితం మీద రాసి పోస్టుల ఎయ్యి" అన్నావు కదా, అందుకే ఈ ఉత్తరం. పెళ్లయ్యాక నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి ఆయన నన్ను ఎగాదిగా చూసి "కోర్టు కాయితమా?" అన్నాడు. "అతిపరావలయం" అని చెప్పాను. మారుమాట్లాడకుండా కవరు ఇచ్చాడు.

మా అంగన్‌వాడీలో లిదియా టీచరమ్మ వచ్చే ఎండాకాలం రిటైర్ అవుతున్నది. మా సుష్మిత చంకలో ఉన్నప్పటి నుంచీ నేను ఆమె కింద ఆయాగా పని చేస్తున్నాను. ఆయాల్లో ఎవరైనా ఇంటర్ పాసై ఉంటే టీచరు పోస్టుకు వాళ్లనే ముందు చూస్తామని సూపర్‌వైజర్ మేడం చెప్పింది. ఓపెన్ ఇంటర్‌లో అన్నీ గట్టెక్కాను, లెక్కలే మిగిలింది. లెక్కలు తీసేసి వేరే సబ్జెక్టు పెట్టుకోమని అందరూ చెప్పారు. ఆనాడు పెళ్లి కుదిరి చదువు ఆగింది ఈ లెక్కల దగ్గరే కాబట్టి మళ్లీ ఇక్కడే లేవాలని పట్టుబట్టాను. ఇప్పుడు ఆ పట్టే నా మెడకు చుట్టుకుంది.

దీర్ఘవృత్తం ఎట్లాగో మింగాను. ఈ అతిపరావలయమే గొంతు దిగడం లేదు. శీర్షాలు, నాభులు ఇచ్చి సమీకరణం కనుక్కోమంటారు. బొమ్మలో చూస్తే రెండు గీతలు అలిగిన తోడికోడళ్లలా వీపు వీపు పెట్టుకుని ఉన్నాయి. ఆ రెండింటికీ కలిపి ఒకే సమీకరణమట. అదెట్లా?

"నువ్వు ఫెయిలైతే నేను నిన్ను తిట్టచ్చా అమ్మా?" అని సుష్మిత అడుగుతోంది. దానికి తొమ్మిదో తరగతి పొగరు. అవ్వను, అన్నను అడిగానని చెప్పు.

నీ
భూదేవి


కామారెడ్డి,
నవంబర్ 25

భూదేవీ,

నీ కవరు చూసి మీ అన్న మహేందర్ హడలిపోయాడు. "ఎల్లారెడ్డి నుంచి కాయితమేంది? అంత మంచిదేనా?" అని నేను చించేదాకా నిలబడే ఉన్నాడు. ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. పోస్టాఫీసు ముచ్చటకు మీ అవ్వ పడీ పడీ నవ్వి, "నా బిడ్డ మంచిగ చెప్పింది గాయనకు" అని రెండోసారి చదివించుకుంది.

బళ్లో ఇన్నేళ్లుగా లెక్కలు చెప్తున్నదాన్ని కదా, ఊ కొట్టేవాళ్లను నేను నమ్మను. ఫోన్‌లో నువ్వు ఊ అంటే లెక్క అర్థమయ్యిందో, పొయ్యి మీద కూర మాడుతోందో నాకెట్లా తెలుస్తుంది? అదే కాగితం మీదైతే ఎక్కడ దారి తప్పావో కనిపిస్తుంది.

ఇప్పుడు నీ తోడికోడళ్ల సంగతి. కామారెడ్డి ఒక నాభి అనుకో, ఎల్లారెడ్డి ఇంకో నాభి. ఒక చోట నిలబడి, అక్కడి నుంచి కామారెడ్డికి ఎంత దూరమో, ఎల్లారెడ్డికి ఎంత దూరమో కొలిచి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్. అదే తేడా వచ్చే చోట్లన్నీ కలుపుతూ పో. ఎల్లారెడ్డి దగ్గరగా ఉన్న చోట్లు కలిస్తే మీ ఊరిని చుట్టుకుంటూ ఒక గీత వంగుతుంది. కామారెడ్డి దగ్గరగా ఉన్నవి కలిస్తే మా ఊరి చుట్టూ ఇంకొకటి. రెండింటికీ షరతు ఒకటే, అందుకే సమీకరణమూ ఒకటే. దీర్ఘవృత్తంలో ఈ దూరాలను కలుపుతాం, ఇందులో తీసేస్తాం. కథంతా అంతే.

చేసే పద్ధతి చెప్తాను. ముందు రెండు శీర్షాల నడిమధ్య కేంద్రం పట్టుకో. కేంద్రం నుంచి శీర్షం దాకా ఉన్న దూరం a, నాభి దాకా ఉన్నది c. c వర్గంలోంచి a వర్గం తీసేస్తే b వర్గం వస్తుంది. శీర్షాలు x అక్షం మీదుంటే x ముందు, దాని కింద a వర్గం. y వెనక మైనస్‌తో, దాని కింద b వర్గం. శీర్షాలు y అక్షం మీదుంటే y ముందుకొస్తుంది.

శీర్షాలు (3, 0), (−3, 0). నాభులు (5, 0), (−5, 0). చేసి పంపు. జవాబు ఒక్కటే రాస్తే వాపస్ పంపుతాను. ఏమనుకుని చేశావో మాటల్లో రాయాలి.

నీ వదిన
అరుణజ్యోతి


ఎల్లారెడ్డి,
డిసెంబర్ 8

వదినా,

వచ్చింది! కానీ ఒక్కసారికి రాలేదు. కేంద్రం (0, 0). a మూడు, c అయిదు. ఇరవై అయిదులోంచి తొమ్మిది పోతే పదహారు. అంతవరకు బాగానే నడిచాను. ఆ తర్వాత దీర్ఘవృత్తం అలవాటుతో పెద్ద అంకెను x కింద పెట్టేశాను. మళ్లీ నీ ఉత్తరం తీసి చూస్తే, శీర్షాలు ఎటుంటే a అటు అని ఉంది, పెద్దది అటు అని ఎక్కడా లేదు. దిద్దుకున్నాను.

x²/9 − y²/16 = 1.

నువ్వు నవ్వుతావేమో కానీ, దీన్ని నేను పిల్లలతో కూడా చేయించాను. అంగన్‌వాడీ బండల మీద సుద్దతో అక్షాలు గీసి, మూడో గడిలో అక్షయ్‌ను శీర్షంగా, అయిదో గడిలో చరణ్‌ను నాభిగా నిలబెట్టాను. ఇద్దరూ జిగ్రీ దోస్తులు. చరణ్ నా మాట వినకుండా జరిగి జరిగి అక్షయ్ పక్కకు పోతాడు. "నాభి శీర్షం దగ్గరికి పోవద్దు బిడ్డా, బయటనే నిలబడాలె" అని నేను బతిమాలుతుంటే లిదియా టీచరమ్మ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. "పాసైతవ్ భూదేవీ, తప్పకుండ పాసైతవ్" అంది.

ఇంత ఓపికగా నాకు ఎవరూ చెప్పలేదు వదినా. కాలేజీలో ప్రశ్న అడిగితే సారు గడియారం చూసేవాడు. నువ్వు నాలుగు పేజీలు రాశావు. ఇంకా లెక్కలు పంపు.

నీ
భూదేవి


కామారెడ్డి,
ఫిబ్రవరి 9

భూదేవీ,

జనవరిలో పంపిన లెక్కలన్నీ బాగా చేశావు. ఈసారి ఒక్కటే ఇస్తున్నాను. శీర్షాలు (5, 0), (−5, 0). నాభులు (3, 0), (−3, 0). సమీకరణం కనుక్కో.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు చదువు మీద ధ్యాస పెట్టు. ఎక్కువ రాయడానికి వీలు కావడం లేదు.

అరుణజ్యోతి


కామారెడ్డి,
మార్చి 3

భూదేవీ,

నెల కావస్తోంది, నీ నుంచి కాగితం ముక్క లేదు. ఫోన్ చేస్తే "పనుంది వదినా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేస్తున్నావు. పరీక్ష ఏప్రిల్‌లోనే కదా! నా మీద కోపమా? ఒంట్లో బాగాలేదా? ఏదైనా సరే రాయి. లెక్క రాకపోతే రాలేదనే రాయి.

నీ వదిన


ఎల్లారెడ్డి,
మార్చి 8

వదినకు,

నీ మీద నాకు కోపమెందుకు ఉంటుంది? నా మీద నాకే సిగ్గుగా ఉండి రాయలేదు.

నువ్వు చివర పంపిన లెక్క నాకు రాలేదు. ఎన్ని తీర్ల చేసినా c వర్గం తొమ్మిది, a వర్గం ఇరవై అయిదు, తీసేస్తే మైనస్ పదహారు. వర్గం మైనస్ ఎట్లా అవుతుంది? కూడినా, తిప్పి తీసేసినా, పుస్తకం మొదటి నుంచి చదివినా అంతే. పిల్లలను మళ్లీ నిలబెట్టి చూశాను. ఈసారి చరణ్ అక్షయ్ కంటే లోపలికి వచ్చి నిలబడాల్సి వచ్చింది. చెప్పిన చోట నిలబెట్టడం కూడా నాకు రాదా అని చెరిపేశాను.

నువ్వు పిల్లలకు ఎన్నో ఏళ్లుగా చెప్తున్నదానివి. నువ్వు ఇచ్చిన లెక్క చేతకాలేదంటే అది నా తెలివి తక్కువే. డిసెంబర్‌లో వచ్చిందంటే ఏదో గుడ్డెద్దు చేలో పడ్డట్టు వచ్చింది. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. పోస్టుకు వేరే సెంటర్ ఆయా పేరు చూసుకోమని లిదియా టీచరమ్మతో చెప్పేశాను. ఆమె "పరీక్షైతే కానీ, అప్పుడు చూస్త" అంటోంది. నేను పరీక్షకే పోవద్దనుకుంటున్నాను. ఇంతకాలం నా కోసం కష్టపడ్డావు, నీ రుణం ఎట్లా తీర్చుకోవాలో తెలియడం లేదు.

భూదేవి


కామారెడ్డి,
మార్చి 11

భూదేవీ,

ఈ కాగితం చదవకముందే కూర్చో. తప్పు నాది.

నేను నీకిచ్చింది అతిపరావలయం లెక్కే కాదు. అతిపరావలయంలో నాభి ఎప్పుడూ శీర్షానికి బయటే ఉండాలి. నీ చరణ్ నిలబడాల్సిన చోటు నువ్వే డిసెంబర్‌లో చెప్పావు. నేను అయిదును, మూడును తారుమారు చేసి రాశాను. అది ఎవరికీ రాని లెక్క. దానికి నువ్వు నెల రోజులు నిన్ను తిట్టుకున్నావా?

వదిన రాసిందంటే రాతి మీద గీత అనుకున్నావు. నా బళ్లో పిల్లలైతే "మేడం, లెక్క తప్పు" అని మొదటి బెంచీ నుంచి అరిచేవాళ్లు. నువ్వు మరదలివి కాబట్టి అరవలేదు. ఆ మర్యాద నాకు వద్దు. ఈసారి నుంచి నీకు మైనస్ వస్తే ముందు నన్ను అనుమానించు, తర్వాతే నిన్ను.

ఇంకో పని చెయ్. నీకు వచ్చిన మైనస్ పదహారును పారెయ్యకు. సమీకరణంలో b వర్గం ఉండే చోట పెట్టి ఏమవుతుందో చూడు.

కళ్లజోడు మార్చుకోవాలి, ఈ మధ్య అంకెలు సరిగా కనిపించడం లేదు. పరీక్షకు పోనని ఇంకొకసారి రాశావంటే బస్సెక్కి వచ్చి చెవి మెలిపెడతాను.

నీ వదిన


ఎల్లారెడ్డి,
మార్చి 16

వదినా,

x కింద ఇరవై అయిదు పెట్టాను. y ముందు మైనస్, కింద మైనస్ పదహారు. మైనస్, మైనస్ కలిసి ప్లస్ అయింది. x²/25 + y²/16 = 1. చూస్తే అది దీర్ఘవృత్తం! శీర్షాలు అయిదు దగ్గర, నాభులు మూడు దగ్గర, లోపల. నువ్వు తప్పిచ్చినా లెక్క మాత్రం నాకు అబద్ధం చెప్పలేదు. అది దీర్ఘవృత్తమని నెల కిందటే చెప్పింది, నేనే వినలేదు. సుష్మితను పిలిచి చూపిస్తే అది కూడా "అబ్బో" అంది. అది అబ్బో అనడమంటే మాటలు కాదు. లిదియా టీచరమ్మ దగ్గరికి పోయి, వేరే పేరు వద్దని కూడా చెప్పి వచ్చాను.

ఇక నా ప్రశ్నకు జవాబు చెప్పు. ఆ రోజు ఏమైంది?

కళ్లజోడు అన్నావు. కళ్లజోడు చెడితే మూడును ఎనిమిది అనుకుంటావు, అంతే కానీ నాభిని తీసుకొచ్చి శీర్షం లోపల పెట్టవు. ఉత్తరం మీద ఫిబ్రవరి తొమ్మిది అని ఉంది. అందులో అవ్వ మాట ఒక్కటి కూడా లేదు. అంతకుముందు ప్రతి ఉత్తరంలో ఉండేది. అప్పటి నుంచి నేను పగలు ఎప్పుడు ఫోన్ చేసినా అవ్వ పడుకుందన్నావు. మా అవ్వ పగలు పడుకునే మనిషా? రాత్రి చేసి మంచిగున్నవా అని అడిగితే "మంచిగున్న బిడ్డా" అని ఒక్క మాట అని ఫోన్ నీకిస్తోంది. నాతో గంట మాట్లాడినా తనివి తీరని మనిషి.

నువ్వే అనుమానించమన్నావు. అనుమానిస్తున్నాను. నిజం రాయి.

భూదేవి


కామారెడ్డి,
మార్చి 20

భూదేవీ,

నీకు లెక్కలు నేర్పి నా గోతి నేనే తవ్వుకున్నాను.

ఫిబ్రవరిలో అత్తమ్మ బట్టలుతికే బండ దగ్గర జారి పడింది. తుంటి ఎముక విరిగింది. తొమ్మిదో తేదీన ఇక్కడే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు గండం గడిచింది, భయపడకు. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా నడుస్తోంది. మంచం మీద చాట పెట్టుకుని బీడీలు చుడతానని నాతో రోజూ పోట్లాడుతోంది కూడా.

లోపలికి తీసుకుపోయే ముందు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "భూదేవికి చెప్తివా, నా మీద ఒట్టే. ఇన్నదంటే ఉరికొస్తది. దాని సదువు ఒకపారి పెండ్లి పేరు చెప్పి మేమే ఆపినం. మల్ల నా కాలు పేరు మీద ఆగద్దు" అంది. అంత నొప్పిలో కూడా అదే మాట. నేను ఒట్టు వేశాను.

మీ అన్న మందుల కోసం కిందికి పోయాడు. ఆపరేషన్ గది ముందు బెంచీ మీద నేనొక్కదాన్నే ఉన్నాను. చేతులకు ఏదో ఒక పని చెప్పాలని బ్యాగులోంచి కాగితం తీసి నీకు లెక్క రాశాను. అది రాస్తున్నంతసేపూ నేను ఏడవలేదు. తప్పు రాశానని కూడా తెలియలేదు.

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టొచ్చు. కానీ పరీక్ష మానేసి వచ్చావంటే, ఒట్టు తప్పినందుకు అత్తమ్మ ముందు నేను తలెత్తుకోలేను.

నీ వదిన


ఎల్లారెడ్డి,
మార్చి 26

వదినా,

తిడదామనే వచ్చాను. నీ ఉత్తరం అందగానే పిల్లను మా ఆయనకు అప్పజెప్పి బస్సెక్కాను. లింగంపేట దాటేదాకా ఏడుపు, ఆ తర్వాత కోపం. నా కన్నతల్లి ఆసుపత్రిలో ఉంటే నాకు చెప్పకపోవడానికి నువ్వెవరివి అని అడగాలనుకున్నాను. ఆ మాట బస్సులో ఎన్నిసార్లు అనుకున్నానో!

నువ్వు బడి నుంచి ఇంకా రాలేదు. అవ్వ ఒక్కతే మంచం మీద కూర్చుని ఉంది. తలకు నూనె పెట్టి ఉంది, జడ వేసి ఉంది. గోళ్లు తీసి ఉన్నాయి. వీపు చూశాను, ఎక్కడా పుండు లేదు. మా అవ్వకు జడ వేసిన మనిషిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. నువ్వు వచ్చాక కూడా ఏమీ అనలేక చాయ తాగి కూర్చున్నాను. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. నేను చేయాల్సిన సేవ నువ్వు చేశావు. అది చేస్తూ నాకు చదువు కూడా చెప్పావు. తోడబుట్టిన అక్క ఉన్నా ఇంత చేసేది కాదు. నీకు నా దండాలు.

అవ్వ నన్ను చూడగానే అడిగిన మొదటి మాట తెలుసా? "పరీచ్ఛ రాసినవా?" వచ్చే నెల అన్నాను. "మరి గిప్పుడెందుకొచ్చినవ్? పో, సదువుకో" అని ముఖం గోడ వైపు తిప్పుకుంది. పరీక్ష అయ్యాక నా దగ్గరికి తీసుకుపోతానంటే అసలు ఒప్పుకోలేదు. "కొడుకు ఇల్లుండంగ బిడ్డ ఇంట్ల కూసుండి తింటే నలుగురు నవ్వరా?" అంటుంది.

చదువుతున్నాను. లెక్కలు పంపు. తప్పువైనా సరే.

నీ
భూదేవి


ఎల్లారెడ్డి,
ఏప్రిల్ 29

వదినా,

పరీక్ష అయింది. అతిపరావలయం వచ్చింది. శీర్షాలు (5, 1), (−1, 1). నాభులు (7, 1), (−3, 1). ప్రశ్న చూడగానే నేను చేసిన మొదటి పని ఏమిటంటే, నాభి శీర్షానికి బయట ఉందా లేదా అని ప్రశ్నపత్రాన్నే అనుమానించాను. బయటే ఉంది. సరే, పేపర్ తయారు చేసినాయనకు ఇంట్లో అందరూ క్షేమమే అనుకుని మొదలుపెట్టాను.

కేంద్రం (2, 1). కాబట్టి x లోంచి రెండు, y లోంచి ఒకటి తీసెయ్యాలి. a మూడు, c అయిదు, b వర్గం పదహారు. (x−2)²/9 − (y−1)²/16 = 1. పక్కన మాటల్లో కూడా రాశాను, నీ అలవాటు. దిద్దేవాళ్లకు విసుగొస్తే రానీ.

మిగతావి కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. పాసవుతానో లేదో తెలియదు. కానీ బయటికి వచ్చేటప్పుడు భయం లేదు. అదొక్కటి నీకు చెప్పాలనిపించింది.

నీ
భూదేవి


కామారెడ్డి,
జూన్ 21

భూదేవీ,

నువ్వు ఫోన్‌లో "పాసైన వదినా" అని అరిచిన అరుపు పక్కింటి దాకా వినిపించింది. మీ అన్న మిఠాయి తెచ్చి బజారంతా పంచాడు. అత్తమ్మ మాత్రం "నాకు ఎర్కనే" అని, కాసేపటికి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఫోన్‌లో చెప్పలేని మాట ఒకటి ఉంది. నువ్వు నాకు దండాలు రాశావు. నేనూ నీకు రాయాలి. అందరూ నా తప్పును నా తప్పుగానే చూస్తారు. నా అంకె తప్పితే, ఆ రోజు నాకు ఏమైందని అడిగింది నువ్వొక్కదానివే. ఆ ఉత్తరం చదివాకే నేను ఫిబ్రవరి నుంచి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చాను. నీకు నిజం రాసిన రోజే నాకు మళ్లీ నిద్ర పట్టింది. మనసు తేలికయ్యింది భూదేవీ.

పోస్టు సంగతి ఏమైంది? అత్తమ్మను పంపమని నువ్వు అడుగుతూనే ఉన్నావు, ఆమె మాట మాత్రం మారలేదు. నా నడుము నొప్పి చూసి జాలి పడుతుంది, కానీ కదలదు.

నీ వదిన


ఎల్లారెడ్డి,
ఆగస్టు 24

వదినా,

పని ఒత్తిడిలో నీకు రాయడం ఆలస్యమైంది. ఆర్డరు కాగితం వచ్చిన సంగతి ఫోన్‌లో చెప్పాను కదా. మొదటి రోజు నేను అలవాటు కొద్దీ పొద్దున్నే పోయి చీపురు పట్టుకున్నాను. కొత్తగా వచ్చిన ఆయా పరుగున వచ్చి గుంజుకుంది. రిటైరై సొంతూరికి పోతూ లిదియా టీచరమ్మ చూడ్డానికి వచ్చి, నన్ను ఆమె కుర్చీలో కూర్చోబెట్టి పోయింది.

నిన్న అన్న అవ్వను కారులో తీసుకొచ్చాడు. ఇన్ని నెలలు ససేమిరా అన్న మనిషిని నువ్వేం చెప్పి ఒప్పించావో నాకు తెలియదు. నువ్వు ఇక కొన్నాళ్లు నడుము వాల్చుకో. అవ్వకు నూనె పెట్టడం, జడ వేయడం ఇప్పుడు నా పని.

అవ్వ కట్టె పట్టుకుని కారు దిగుతుంటే ఎదురింటి గంగాబాయి ఊరుకోలేదు. వాకిట్లోంచే "ఏంది రామవ్వా, కొడుకును ఇడిసిపెట్టి బిడ్డ ఇంటికొచ్చినవా?" అంది. అవ్వ ఈ మాటకే కదా ఇన్నాళ్లూ భయపడింది, ఇప్పుడు వెనక్కి తిరిగి కారెక్కుతుందేమో అనుకున్నాను. అవ్వ ఆగింది. గంగాబాయి వైపు తిరిగి నిలబడింది.

"బిడ్డ ఇంటికి ఎవరొచ్చిండ్రు? నేను పంతులమ్మ ఇంటికొచ్చిన" అంది.

గుమ్మంలో నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. కాళ్లకు నీళ్లియ్యాలన్నది కూడా మరిచిపోయాను.

ఆ పంతులమ్మను నేనే, వదినా.

నీ
భూదేవి